పొట్లాలు లెక్కపెట్టినవాళ్లం

జీవన ఎరువు పనిచేయకపోతే రైతు సరిగ్గా వాడలేదని రిపోర్టు రాసిన తరం మాది. వ్యవసాయం చదువుకుని, ఊళ్ల మీద తిరిగి సలహాలు చెప్పిన మా అందరికీ ఇందులో వాటా ఉంది. కంపెనీలనూ ప్రభుత్వాలనూ తర్వాత తిట్టుకోవచ్చు, ముందు మా సంగతి.

తెలియక చేసింది కాదు. వేరు బుడిపెల్లోని బాక్టీరియాను 1888లోనే బైజరింక్ అనే డచ్ శాస్త్రవేత్త వేరుచేసి చూపించాడు. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదనీ, వేరుశనగకూ కందికీ మినుముకూ ఆ పని రైజోబియం అనే ఆ బాక్టీరియా చేసిపెడుతుందనీ పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఉద్యోగంలో చేరాక అదే సూక్ష్మజీవిని బస్తా సరుకుల్లో కలిపేశాం.

రైజోబియం జీవన ఎరువు పొట్లాలు ఖరీఫ్ కోసం మే నెలలో దిగేవి. లిగ్నైట్ పొడిలో కలిపిన నల్లటి పిండి, ఒక్కోటి 200 గ్రాములు. 2006లో జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాక, ఆ పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని నిబంధన పెట్టారు. మేమేమో ఆ పొట్లాలను రేకుల షెడ్డులో, యూరియా బస్తాల మీద పడేశాం. అనంతపురం ఎండలో ఆ రేకుల కింద మనిషే పావుగంట నిలబడలేడు. తొలకరి పడి విత్తనం పంచేనాటికి పొట్లంలో ప్రాణంతో ఉన్నవెన్నో ఎవరమూ చూడలేదు. పైవాళ్లు అడిగింది ఎన్ని పంచారని. ఆ అంకె ఏ ఏడూ తగ్గలేదు.

వాడకం చెప్పిన తీరు ఇంకా ఘోరం. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లారాక పొడి కలిపి, ఆ జావను గింజ పొర ఊడకుండా మెల్లగా పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తుకోవాలి. తెగులు మందు ముందు, పురుగు మందు తర్వాత, రైజోబియం ఆఖరున. ఇది పక్కన కూర్చుని చేసి చూపించాల్సిన పని. మేము మైకులో ‘విత్తనశుద్ధి తప్పనిసరి’ అని ఒక్క ముక్క చెప్పి జీపెక్కాం. రైతు మాంకోజెబ్ అనే తెగులు మందునూ ఈ పొడినీ ఒకే గంపలో వేసి కలిపాడు. పొట్లంలో మిగిలిన ఆ కాసినివీ గంపలోనే పోయాయి.

విత్తాక సుమారు నలభయ్యో రోజున చేలోకి దిగి, ఒక మొక్కను వేళ్లు తెగకుండా పెళ్లగించి, బుడిపెను గోటితో గిల్లితే తెలిసిపోతుంది. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పట్టే పని సాగుతున్నట్టే. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన పదార్థమే ఆ ఎరుపుకు కారణం. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగడం లేదు. దీనికి ల్యాబు అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. వంగాలి, అంతే. మాలో వంగినవాళ్లు తక్కువ. పైగా ఆకు లేతరంగులో ఉందని యూరియా వేయించాం. నేలలో నత్రజని దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గించేస్తుందని తెలిసే వేయించాం. యూరియా నాలుగు రోజుల్లో రంగు చూపిస్తుంది, చెప్పినవాడికి పేరొస్తుంది.

భాస్వరం సంగతీ అంతే. ఏళ్ల తరబడి వేసిన డీఏపీలోని భాస్వరం చాలావరకు నల్లనేలల్లో సున్నంతో, ఎర్రనేలల్లో ఇనుముతో బిగుసుకుపోయింది. దాన్ని కరిగించి వేళ్లకు అందించే బాక్టీరియా పొడి కూడా అదే షెడ్డులో మగ్గింది. భూసార పరీక్ష కార్డు మీద ‘భాస్వరం ఎక్కువ’ అని రాసిందీ మేమే, కింద డీఏపీ సిఫారసు చేసిందీ మేమే.

వేరుకుళ్లుకు 2 కిలోల ట్రైకోడెర్మా శిలీంధ్రపు పొడిని 90 కిలోల పశువుల ఎరువులో, 10 కిలోల వేపపిండిలో కలిపి, గోనెపట్టా కప్పి, తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచమని కరపత్రాలు వేశాం. మంచి పద్ధతే. పశువులే లేని ఊళ్లలో కూడా అక్షరం మార్చకుండా అదే కరపత్రం పంచాం.

వరి కొయ్యకాళ్ల దగ్గర మా తప్పు మరీ పెద్దది. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకూ నత్రజని కావాలి, నేలలో ఉన్నదాన్ని ముందు అవే లాగేసుకుంటాయి. అందుకే కలియదున్నిన వెంటనే నాటిన మడి కొన్నాళ్లు పసుపు తిరుగుతుంది. తడి పెట్టి రెండు మూడు వారాలు ఆగితే ఆ నత్రజనిలో చాలావరకు మళ్లీ పంటకే చేరుతుంది. ఈ మాట విడమరచి చెప్పకుండా, తగలబెట్టొద్దని బోర్డులు పెట్టాం. రైతు ఒకసారి దున్ని, పసుపు చూసి భయపడి, మరుసటేడు అగ్గిపుల్ల గీశాడు. కాలుష్యం చేస్తున్నాడని అతని మీదే రాశాం.

మేము వదిలేసిన ఈ జాగాలోకే ‘బయో’ సీసాలు వచ్చిపడ్డాయి. కొన్నింటి లేబుల్ మీద సూక్ష్మజీవి, లోపల రసాయన మందు. పురుగు టపటపా రాలేసరికి రైతు అసలైనదాన్ని వదిలి వీటినే నమ్మాడు.

2025 వానాకాలంలో తెలంగాణలో రైతులు యూరియా కోసం చెప్పులూ పాసుపుస్తకాలూ వరసలో పెట్టి కాచుకున్నారు. రిటైరైన మా వాళ్లం వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటోలు పంచుకుని, సరఫరా లోపమని తేల్చేశాం. పప్పు పంటకు కూడా ఆ బస్తా అలవాటు చేసిందెవరని ఒక్కరమూ అడగలేదు.