మీ లీగులో అందరూ హాలండ్‌లే

(ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్ తయారీ సంస్థకు బహిరంగ లేఖ)

కెరీర్ మోడ్ చూసే పెద్దలకు,

మొన్న వచ్చిన అప్‌డేట్ గురించే ఈ ఉత్తరం. కొత్త బూట్లు ఇచ్చారు, కొత్త జెర్సీలు ఇచ్చారు, గోల్ కొట్టాక వేయడానికి కొత్త స్టెప్పులూ ఇచ్చారు. సంతోషం. మేం ఆడని మ్యాచ్‌లను కంప్యూటరే తేల్చే సిమ్యులేషన్ ఉంది కదా, దాని అంకెల గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నాం; ఆ ఊసు మాత్రం అందులో లేదు. పైగా నా ఫిర్యాదుకు ఒక్క ముక్కలో జవాబు పంపారు: ఆట మేం అనుకున్నట్టే పనిచేస్తోంది, అని. ఆ వెంటనే ఫిర్యాదు మూసేశారు.

అనుకునే చేశారన్నమాట. అయితే ఏం అనుకుని చేశారో కాస్త చెబుతారా?

కెరీర్ మోడ్‌లో నా ప్రీమియర్ లీగ్ సీజన్ పూర్తయ్యాక గోల్స్ పట్టిక తెరిచాను. మొదటివాడు నలభై దాటేశాడు. రెండోవాడూ దాటాడు. మూడోవాడు ముప్పై అయిదు పైచిలుకు కొట్టాడు; అతని జట్టేమో కింది డివిజన్‌కి పడిపోయింది! అన్ని గోల్స్ కొట్టేవాడు ముందు నిలబడి ఉంటే ఆ జట్టు ఎలా మునిగిందో మీ కంప్యూటర్‌కైనా అర్థమైందా? అసిస్టుల పట్టికలో పైన ఉన్నది ఒక లెఫ్ట్ బ్యాక్. థియరీ హెన్రీ 2002–03లో, కెవిన్ డి బ్రూయ్నా 2019–20లో చెరో 20 అసిస్టులతో నెలకొల్పిన రికార్డును ఆ పిల్లాడు శీతాకాలం దాటకముందే చెరిపేశాడు. పేరు తెలియని కుర్రాడు. వాణ్ణి నేనేమీ అనడం లేదు, వాడి చేత ఆ పని చేయించింది మీరు.

అసలు లెక్క మీకు తెలియనిది కాదు. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక ఒక సీజన్‌లో అత్యధికం ఎర్లింగ్ హాలండ్ 2022–23లో కొట్టిన 36 గోల్స్. అంతకుముందు ఆండీ కోల్, అలన్ షియరర్ చెరో 34 కొట్టారు. అదీ జట్టుకు 42 మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో. ఆ 34 దాటడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. మరోపక్క 1997–98లో గోల్డెన్ బూట్ ఎన్ని గోల్స్‌కు వచ్చింది? పద్దెనిమిదికి. అదీ ముగ్గురు పంచుకున్నారు. మరుసటి ఏడూ అదే కథ, మళ్ళీ పద్దెనిమిదే, మళ్ళీ ముగ్గురే. మీ లీగులో అలాంటి కరువు సంవత్సరం ఒక్కటైనా వస్తుందా? సున్నా-సున్నా డ్రా అనేదొకటి ఉంటుందని మీ సిమ్యులేషన్‌కు ఎవరైనా చెప్పారా? 2004–05లో చెల్సీ సీజన్ మొత్తం మీద 15 గోల్సే ఇచ్చింది. ఇప్పుడు మీ ఆటలో ఏ గోల్‌కీపర్ వల్ల అవుతుంది అది?

ఇంకో చిక్కు. నేను ఆడే మ్యాచ్‌లో ఒక్కో సగం ఆరు నిమిషాలు. ఆ కాస్త సమయంలో నా మిడ్‌ఫీల్డర్ ఎన్ని పాస్‌లు ఇవ్వగలడు? నేను ఆడని మ్యాచ్‌లన్నీ మీ లెక్కల యంత్రం తొంభై నిమిషాల కొలతతో తేలుస్తుంది. చివరికి రెంటినీ ఒకే పట్టికలో పోస్తారు. దాంతో లీగ్ గెలిచిన నా జట్టు మిడ్‌ఫీల్డర్ పాస్‌ల వరుసలో ఎక్కడో అడుగున తేలుతాడు. ఆరు నిమిషాల మనిషినీ తొంభై నిమిషాల మనిషినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు గొప్ప అని అడగడం ఏం న్యాయం? నిమిషాలను బట్టి సరిచేయడం మీ ఇంజనీర్లకు అంత పెద్ద పనా?

ఆట కదా, అంకెల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని మీలో ఎవరైనా అనవచ్చు. ఎవర్టన్ క్లబ్ 2008లో ఆటగాళ్ళను వెతకడానికి ఫుట్‌బాల్ మేనేజర్ అనే వీడియో గేమ్ డేటాబేస్ వాడుకునే ఒప్పందం చేసుకుంది. ఆటలోని అంకెలకు ఒక నిజమైన క్లబ్బు అంత విలువ ఇచ్చింది. మీ అంకెలు చూసి ఏ క్లబ్బైనా ఒక్క బాల్ బాయ్‌ని తీసుకుంటుందా? ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి అని మేం తేల్చుకునేది ఈ పట్టికలు చూసే. అవి కాకిలెక్కలైతే మేం రాత్రిళ్ళు మేలుకుని చేసే మేనేజరీ అంతా దేనికి?

హైదరాబాద్ వాణ్ణి కాబట్టి ఇంకొకటి చెప్పుకోనివ్వండి. 2021–22 ఇండియన్ సూపర్ లీగ్‌లో బార్తొలొమ్యూ ఒగ్‌బెచే మా హైదరాబాద్ జట్టుకు 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచాడు. ఆ ఏడే గోవాలో, ఫతోర్దా మైదానంలో, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి మేం ఛాంపియన్లమయ్యాం. ఒకప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఊరికి చాలా కాలం తర్వాత దక్కిన ఆనందం అది. ఆ 18 మాకు పెద్ద అంకె. మీ సిమ్యులేషన్‌లో 18 కొట్టినవాడు రిజర్వ్ బెంచీ మీద కూర్చుంటాడు.

మైదానంలో గడ్డి పోచ ఊగే తీరు, ఆటగాడి మెడ మీద చెమట మెరిసే తీరు నిజంలా ఉండాలని మీరు పడే తాపత్రయం మాకు తెలుసు. ప్రకటనల్లో చెప్పుకునేదీ దాని గురించే. ఆ చెమటలో పదో వంతు ఈ పట్టికల మీద చిందిస్తే ఏం పోయింది? ప్యాకుల పేరుతో గుంజే డబ్బు, సరిగ్గా ఫైనల్ నాడే పడిపోయే సర్వర్లు, ఏళ్ళుగా అవే మాటలు చెప్పే కామెంటరీ, ఇవన్నీ పాత పద్దులు. ఈసారికి వాటిని ఎత్తను. మీకూ విసుగు, నాకూ విసుగు.

దయచేసి ఆ సిమ్యులేషన్ వైపు ఒకసారి చూడండి. ఫుట్‌బాల్ చూసే మనిషి చేత చూపించండి. అది జరిగేదాకా వచ్చే ఏడాది ఆటను ముందుగా బుక్ చేసే ఉద్దేశం నాకు లేదు.

ఇట్లు,
మీ ఆట పాతికో వంతు కూడా విప్పి చూడకుండా కెరీర్ మోడ్‌లోనే బతికే ఒక కొనుగోలుదారు,
హైదరాబాద్