దుండిగల్ విమానాలు, ప్యారానగర్ చెత్త

బొంతపల్లి: ప్రొద్దుటే పొలానికి వెళ్లే రైతుకైనా, మొదటి షిఫ్టుకు ఫ్యాక్టరీకి పోయే కార్మికునికైనా నెత్తిమీద శిక్షణ విమానం రొద ఈ ప్రాంతంలో కొత్త కాదు. ఆ విమానాలకూ, 2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలాన్ని కుదిపిన చెత్త వివాదానికీ ఉన్న సంబంధం మాత్రం ఎక్కువ మంది దృష్టికి రాలేదు.

బేగంపేట, హకీంపేట, బీదర్ విమాన క్షేత్రాలు దుండిగల్ కంటే పాతవి. వైమానిక దళ అధికారులకు ఒకేచోట శిక్షణ ఇచ్చే అకాడమీ కోసం దుండిగల్‌ను ఎంచుకుని, 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971లో శిక్షణ మొదలైంది. నగరానికి దూరంగా, విశాలంగా దొరికిన భూమి అది. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు దాని పక్కనే పోతున్నది. బేగంపేటను నగరం చుట్టుముట్టిన తీరు తెలిసినదే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు అక్కడినుంచి శంషాబాద్‌కు తరలిపోయాయి. శిక్షణ క్షేత్రాన్ని అంత తేలికగా తరలించలేరు.

దుండిగల్‌లో ఎగిరేవారు అప్పుడే పని నేర్చుకుంటున్న యువకులు, యువతులు. దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్‌లో అధికారులుగా బయటికి వచ్చింది ఈ మైదానం నుంచే. ఇక్కడి ప్రమాదాల బాధ మన ఊళ్లకూ తెలుసు. 2009 జూలైలో అన్నారం వద్ద దీపక్ రకం విమానం కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఆపైన ఆ రకాన్ని ఎగరకుండా ఆపివేసి, 2013లో స్విట్జర్లాండు తయారీ పిలాటస్ విమానాలు తెచ్చారు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ సమీపంలో పిలాటస్ కూడా కూలింది. అప్పుడూ ఇద్దరు పోయారు. వీటికి పక్షులు కారణమని మేము అనడం లేదు. ఒకే ఇంజను విమానంలో, అదీ తక్కువ ఎత్తులో, తప్పు దిద్దుకునే వ్యవధి ఎంత తక్కువో చెప్పడానికే ఈ ప్రస్తావన.

చెత్త కుప్ప ఉన్నచోట గద్దలు తిరుగుతాయి. కోడి వ్యర్థాలు పడేసే ఏ రోడ్డు మలుపు దగ్గర నిలబడినా ఇది కనిపిస్తుంది. గద్ద బరువు కిలోకు అటూ ఇటూ ఉంటుంది. కాని విమానం వేగం రెట్టింపైతే తగిలే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. లేచేటప్పుడు, దిగేటప్పుడు విమానం ఎగిరేది గద్దలు తిరిగే ఎత్తులోనే.

అందుకే 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఒక హద్దు గీశాయి. చెత్త పూడ్చే స్థలం విమానాశ్రయానికి గాని, వైమానిక స్థావరానికి గాని 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. ప్రత్యేక సందర్భంలో 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య పెట్టవచ్చు. అయితే వైమానిక స్థావరం విషయంలో వైమానిక దళం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి. ప్యారానగర్‌లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ చెత్త కేంద్రం పనులు మొదలుపెట్టి, నల్లవల్లి, గుమ్మడిదల వాసులు రోడ్డెక్కిన నాడు అమలులో ఉన్నవి ఈ నిబంధనలే. దుండిగల్ రన్‌వే నుంచి ప్యారానగర్‌కు గగన మార్గాన దూరం 20 కిలోమీటర్ల లోపే.

ఇది బహిరంగ డంపింగ్ యార్డు కాదు, శాస్త్రీయంగా చెత్తను శుద్ధిచేసే కేంద్రమని అధికారులు చెప్పారు. శుద్ధి అయ్యాక మిగిలేది ఎక్కడ పూడుస్తారు? లారీలు ఎంతసేపు బయట నిలుస్తాయి? షెడ్డు కప్పు వానాకాలంలో కూడా పనిచేస్తుందా? జవహర్‌నగర్ చుట్టుపక్కల ప్రజలు అనుభవించినది చూశాక ఈ ప్రశ్నలు వేయడం మొండితనం కాదు.

నీళ్లు, అడవి, దుర్వాసన గురించి గ్రామస్థులు గట్టిగానే మాట్లాడారు. విమాన క్షేత్రం మాట అంతగా వినబడలేదు. నిజానికి అధికారులు మాటతో తప్పించుకోలేని అంశం ఇదే. ఎందుకంటే ఇది కొలతకు, కాగితానికి సంబంధించినది. దూరం ఏ బిందువు నుంచి ఏ బిందువుకు కొలిచారు, వైమానిక దళం ఏమని రాసింది, ఏ షరతులు పెట్టింది అన్నవి సమాచార హక్కు దరఖాస్తు ద్వారా పురపాలక శాఖను, కాలుష్య నియంత్రణ మండలిని అడగవచ్చు. ఆ ప్రతులను గ్రామసభలో తెలుగులో చదివి వినిపించవలసిందిగా కలెక్టరును కోరవచ్చు.

ఆ పని చేసేలోగా మన ఊళ్లలో మాంసం దుకాణాల వ్యర్థాలు చెరువు గట్టున పారబోయడం కూడా ఆపించాలి. రేపు అధికారి ఎదురు ప్రశ్న వేస్తే మన దగ్గర జవాబు ఉండాలి కదా.