ఊపిరిని లెక్కపెట్టి ఖర్చుచేసే పక్షి



ఊరి చెరువులో నీటికాకిని మనలో చాలామందిమి చూచియున్నాము. నల్లగా, పొడవైన మెడతో ఈదుతూ ఉన్నట్టుండి మునుగుతుంది. ఇక్కడ మునిగి అక్కడ తేలుతుంది. ఆ తరువాత ఏ మోడుమీదనో కూర్చుండి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. దాని ఈకలు కొంత నీటిని పీల్చుకుంటాయి. తడిసిన పక్షి సులువుగా మునుగుతుంది గనుక అది దానికి లాభమే. పిమ్మట ఎండలో గడిపే సమయం ఆ లాభానికి కట్టే వెల. నీటి అడుగున మేత వెదకే ప్రతి పక్షికీ ఇలాంటి జమాఖర్చు ఒకటి ఉంటుంది. ఈ లెక్కలో బాగా ఆరితేరిన పక్షి మన దేశంలో లేదు. అది భూమికి దక్షిణపు కొసన, మంచుఖండమైన అంటార్కిటికాలో ఉన్నది. పేరు ఎంపరర్ పెంగ్విన్. ఈ నెల దానిని గూర్చి తెలుసుకుందాము.

ఇది దాదాపు నాలుగడుగుల ఎత్తుంటుంది. బాగా మేసినప్పుడు 40 కిలోల వరకు తూగుతుంది. పక్షియే గాని ఎగరలేదు. ఎందుకు? ఉత్తరాన చలి సముద్రాలలో మర్ అనే పక్షి అవే రెక్కలతో గాలిలో ఎగురుతుంది, నీటిలోనూ ఈదుతుంది. శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి 2013లో ఒక సంగతి ప్రకటించారు. ఊరక కూర్చున్నప్పటికంటే ఎగిరేటప్పుడు దానికి 31 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందట! నీటికి తగిన పొట్టి రెక్క గాలిలో భారమే. పెంగ్విన్ జాతి ఎగరడం పూర్తిగా మానుకొన్నది. దాని రెక్కలు తెడ్లవలె గట్టిపడ్డాయి. ఎముకలు బోలుగా ఉండక బరువుగా ఉంటాయి.

ఎంపరర్ పెంగ్విన్ 500 మీటర్లకు మించిన లోతుకు మునిగినట్లు పరికరాలలో నమోదైంది. అంత లోతుకు పోవడానికి ఊపిరి ఎక్కడిది? ప్రాణవాయువును అది ఊపిరితిత్తులలో మాత్రమే దాచుకోదు. కొంత రక్తంలోను, పెద్ద వాటా కండరాలలోను నిలువ చేసుకుంటుంది. కండరాలలో దానిని పట్టి ఉంచే పదార్థం పేరు మయోగ్లోబిన్. అది మెండుగా ఉన్నందున దాని రొమ్ము కండ ముదురు ఎరుపుగా ఉంటుంది. మునిగినప్పుడు గుండె నెమ్మదిస్తుంది. విశ్రాంతిలో నిమిషానికి 70 సార్లకు పైగా కొట్టుకునే గుండె, 18 నిమిషాలు మునిగిన ఒక పక్షిలో కొంతసేపు ఆరుసార్లే కొట్టుకొన్నట్లు తేలింది. రక్తం కండరాలకు ఎక్కువగా పోదు. అవి తమ సొంత నిలువనే వాడుకుంటాయి. గాదెలో గింజలుండగా అంగడికి పోవడం దేనికి?

మేత పట్టే తీరులోను పొదుపే. పైనున్న మంచుపలక క్రింద చిన్న చేపలు తిరుగుతుంటాయి. పెంగ్విన్ కొంచెం లోతుకు దిగి, పైకి చూచి, వెలుతురులో కనబడిన చేపను ఒక్క ఊపున వెళ్లి పట్టుకుంటుంది. మరల దిగి మరల ఎక్కుతుంది. ఒక్క మునకలోనే ఇలా అనేకసార్లు చేస్తుంది.

అయితే ఈ నిలువకు ఒక హద్దు ఉన్నది. పరీక్షలలో సుమారు ఐదున్నర నిమిషాలు దాటితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతూ వచ్చింది. అది శరీరం చేసిన అప్పు. పైకి వచ్చిన తరువాత విశ్రాంతి తీసుకొని దానిని తీర్చాలి. 2011లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఒక పక్షి 27 నిమిషాలకు పైగా నీటిలోనే ఉండిపోయింది. బయటికి వచ్చి మంచుమీద బోర్లా పడి, లేచి నిలుచుండడానికి ఆరు నిమిషాలు పట్టింది. నడక మొదలుపెట్టడానికి మరో 20 నిమిషాలు. మరల నీటిలో దిగింది ఎనిమిది గంటలు గడచిన తరువాతనే! పంటకు అప్పుచేసిన ఇంటివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పొదుపు వెనుక ఒక కుటుంబమున్నది. తల్లి గుడ్డుపెట్టి సముద్రానికి పోతుంది. తండ్రి ఆ ఒక్క గుడ్డును పాదాలమీద పెట్టుకొని, గడ్డకట్టే చీకటి చలికాలంలో రెండు నెలలకు పైగా పొదుగుతాడు. జతకూడే కాలంతో కలిపి దాదాపు నాలుగు నెలలు అతనికి తిండి లేదు. తల్లి కడుపులో ఆహారం నింపుకొని తిరిగి వస్తేనే పిల్లకు బ్రతుకు. ఆమె వేసే ప్రతి మునకా ఆ పిల్లకోసమే.

ఇంత నేర్పు గల పక్షికి కూడా కాళ్లక్రింద మంచు నిలవాలి. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో మంచు ముందుగానే విరిగిపోయింది. అక్కడి ఐదు గుంపులలో నాలుగింటి పిల్లలు దాదాపుగా దక్కలేదు. నీటికి తట్టుకునే ఈకలు వాటికి ఇంకా రాలేదు. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఇలాంటి సంవత్సరాలు పెరుగుతాయని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. తల్లిదండ్రులు ఎంత పొదుపుచేసినా ఈ నష్టాన్ని పూడ్చలేరు.

ఈ ఆదివారం సాయంత్రం పిల్లలను చెరువుగట్టుకు తీసుకొని వెళ్లండి. నీటికాకి మునిగిన క్షణం నుండి ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి. తేలిన తరువాత ఎంతసేపు ఆగి మరల మునిగిందో అదీ లెక్కపెట్టమనండి. ఆ రెండు అంకెలనూ పలకమీద వ్రాస్తే, ఆ పక్షి జమాఖర్చు వారికే తెలిసిపోతుంది.