చావుకి కారణం: గుండె ఆగడం!

గుండె ఆగకుండా ఎవరి ప్రాణం పోతుంది? ఇంత చిన్న ప్రశ్న మన ఆసుపత్రులకి ఎందుకు తట్టదు?

కిందటేడు ఒక తల్లి తన కూతురి మరణ కారణ ధృవపత్రం పట్టుకుని మా సంఘానికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కాన్పయి ఇరవై రోజులు. వారం పాటు జ్వరం, దగ్గు, ఆయాసం. ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజే పోయింది. కేస్ షీటులో నిమోనియా అని ఉంది. ధృవపత్రంలో మాత్రం ఒకే ముక్క: గుండె, ఊపిరి ఆగిపోవడం. మరణానికి గర్భంతో సంబంధం ఉందా అన్న ప్రశ్న ఎదుట గడి ఖాళీ. "నా బిడ్డకి గుండెజబ్బు లేదమ్మా" అని ఆ తల్లి అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు.

ఆ పత్రం ఫారం 4. చనిపోయిన తీరు కాదు, చావుకి దారితీసిన జబ్బు రాయాలని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. దాన్ని చూసే ఐ.సి.డి. అనే అంతర్జాతీయ జాబితా ప్రకారం కోడ్ వేస్తారు. రాసినదానికే కోడ్. ఐ.సి.డి.-10లో న్యూమోకాకస్ క్రిమి వల్ల వచ్చే నిమోనియాకి జె13, క్రిమి ఏదో తేలని నిమోనియాకి జె18. అదే జబ్బు గర్భిణినో బాలింతనో పొట్టన పెట్టుకుంటే ఓ99. కాన్పయిన 42 రోజుల లోపు, గర్భం వల్ల ముదిరిన జబ్బుతో పోతే అది మాతృమరణం. గుండె ఆగిందని రాస్తే ఐ46, అంటే రక్తప్రసరణ వ్యాధుల వర్గం. ఒక్క కలంపోటుతో ఆ పిల్ల బాలింతా కాకుండా పోయింది, నిమోనియా రోగీ కాకుండా పోయింది.

బతికున్న స్త్రీల జబ్బుకీ ఇదే గతి. క్రిమి కనబడిన ఊపిరితిత్తుల క్షయకి ఎ15, కనబడనిదానికి ఎ16. క్రిమి కనబడాలంటే మంచి కళ్ళె కావాలి. నలుగురిలో గట్టిగా దగ్గి ఉమ్మడం ఆడదానికి తప్పని నేర్పిన సమాజం మనది. ఒక డబ్బా చేతిలో పెట్టి పొమ్మంటే ఆమె తెచ్చేది వట్టి ఉమ్మే. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో జరిగిన ఒక అధ్యయనం 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కళ్ళె ఎలా తీయాలో విడమరచి చెప్పిన స్త్రీలలో నూటికి 13 మందికి క్రిమి బయటపడింది. చెప్పనివాళ్ళలో 8 మందికే. మరి లోపం ఎవరిది?

డాక్టర్లకి తీరిక లేదంటారు. నిజమే, వాళ్ళ మీద ఎంత భారం వేశారో మనకి తెలుసు. కాని ఒక గడిలో టిక్కు పెట్టడానికి ఎంతసేపు? రాస్తే మాత్రం పోయినవాళ్ళు తిరిగొస్తారా అంటారు. రారు. అయితే లెక్కకి రాని చావుకి నిధులుండవు, విచారణ ఉండదు, బాధ్యులూ ఉండరు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధృవీకరించినవి 22.5 శాతమే. ఆ కొద్ది పత్రాల్లోనూ ఇలా రాస్తే, స్త్రీలు దేనితో చస్తున్నారో ఎవరు చెప్పగలరు? ఇది గుమాస్తా పొరపాటు కాదు. స్త్రీ జబ్బుని పట్టించుకోని పితృస్వామ్యం ఆమె చావు దగ్గర కూడా చేతులు దులుపుకోవడం.

జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఆసుపత్రిలో మరణం జరిగితే కారణ ధృవపత్రం ప్రతిని దగ్గరి బంధువుకి ఇచ్చి తీరాలి. రుసుము అడగకూడదు. ఈ సంగతి ప్రతి బస్తీకీ, ప్రతి ఊరికీ చేరవేయడం మన పని. పత్రం అడిగి తీసుకుందాం. జబ్బు పేరు రాశారా, క్రిమి కోసం పరీక్ష చేశారా, గర్భం గడి నింపారా అని నిలదీద్దాం. గుండె ఆగిందని రాసిన కాగితాన్ని అక్కడే వెనక్కిచ్చి, సరిగా రాయమందాం.

ఆమెను బతికించుకోలేకపోయాం. కనీసం ఎందుకు చనిపోయిందో నిజం రాయించుకుందాం.