చలిలో చెమట పట్టిందంటే...

పోయిన వారం అరిసెల పాకం గురించి చెప్పుకున్నాం కదా. ఈ వారం పొయ్యి కాసేపు ఆపేసి మా వారి పని గురించి చెప్తాను. ఆయన పెస్ట్ కంట్రోల్‌లో పనిచేస్తారు. చెదలకీ, బొద్దింకలకీ మందు కొడతారు. పెళ్లయిన కొత్తలో "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని ఎవరైనా అడిగితే "మందు కొడతారండీ" అనేసేదాన్ని. వాళ్లు నన్ను జాలిగా చూసేవారు! తర్వాత మాట మార్చుకున్నాననుకోండి.

ఈ పనికి ఎండాకాలమే కష్టమని నేననుకునేదాన్ని. కానీ చలికాలం దొంగదెబ్బ తీస్తుంది. ఎలాగో చెప్తాను.

2011 జనవరి. సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుంది. శంషాబాద్ వైపు కడుతున్న ఒక ఇంటికి చెదల మందు పొయ్యాలని తెల్లవారుజామునే బండి మీద వెళ్లారు. అప్పట్లో ఎక్కువగా క్లోర్‌పైరిఫాసే వాడేవారు. లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు కలపాలి. చలికి వేళ్లు కొంకర్లు పోయాయేమో, కలిపేటప్పుడు డబ్బా జారి చిక్కటి మందు స్వెట్టరు చేతి మీద ఒలికింది. వెంటనే విప్పేసి సబ్బుతో కడుక్కోవాలని ఆయనకి తెలీదా? తెలుసు. కానీ ఆ చలిలో స్వెట్టరు విప్పడానికీ, తొట్టిలో మంచులాంటి నీళ్లు చేతుల మీద పోసుకోవడానికీ మనసొప్పలేదు. ఆరిపోతుందిలే అనుకున్నారట. సాయంత్రం దాకా దానితోనే పనిచేసి, దానితోనే ఇంటికొచ్చారు.

వచ్చేసరికి ముక్కు కారుతోంది. కళ్ల వెంట నీళ్లు, తలనొప్పి, రొమ్ము పట్టేసినట్టుంది. "మంచులో తిరిగారు, పడిశం పట్టింది" అని నేనే తేల్చేశాను. మిరియాల కషాయం ఇచ్చాను, పసుపు వేసి ఆవిరి పట్టించాను, జలుబు బిళ్ల వేశాను. స్వెట్టరేమో కిరసనాయిలు వాసన కొడుతూ మా బాబు పడుకునే మంచం కోడుకి వేలాడుతోంది. మాకు రోజూ ఉండే వాసనే కనక పట్టించుకోలేదు.

రాత్రి పదింటికి దుప్పటి సర్దుతూ నుదురు ముట్టుకుంటే తడి! జ్వరం లేదు. గది చల్లగా ఉంది. ఆయన బనీను మాత్రం చెమటకి తడిసి ముద్దయింది. నోట్లో ఒకటే ఊట. "బల్బు మసగ్గా కనిపిస్తోందేమిటే" అన్నారు. పడిశానికి ఇంత చెమటేమిటని అప్పుడు నాకు భయమేసింది. పక్కింటి అన్నయ్యగారి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. బండి సంచీలో ఉన్న మందు డబ్బా కూడా పట్టుకెళ్లాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే. డాక్టరుగారు కళ్లలో టార్చి వేసి చూశారు. కనుపాపలు ఆవగింజలంత అయిపోయాయి. డబ్బా మీద పేరు చదివి అట్రోపిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు, బట్టలు విప్పించి ఒళ్లంతా సబ్బుతో కడిగించారు. మూడు రోజులు అక్కడే ఉన్నాం. ఆ ఏడు మా ఇంట్లో అరిసెల్లేవు.

ఆ రకం మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుందట. ముక్కు, కన్ను, నోరు, ఊపిరితిత్తులు అన్నిటా నీరు ఊరిస్తుందట. చలికాలంలో అదంతా జలుబు లెక్కలో కలిసిపోతుంది. అందుకే చెమట చూడండి, చొంగ చూడండి, చూపు మసక, వాంతి, కండరాలు అదరడం చూడండి. మందు పని చేసొచ్చిన మనిషికి ఇవి కనిపిస్తే కషాయాలతో కాలం గడపకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఈలోగా ఆ బట్టలు తీసేసి సబ్బుతో కడగండి. వాంతి చేయించడానికి ఉప్పునీళ్లవీ తాగించొద్దు.

ఇప్పుడు చెదలకి ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వచ్చాయి. బొద్దింకలకి కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ తగిలితే ముఖం చిమచిమలాడుతుంది. దాన్నీ చలికి చర్మం పగిలిందనే అనుకుంటారు మగవాళ్లు.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మారాయి. బండి మీదికి ఒక స్వెట్టరు, అది పని దగ్గర విప్పి దూరంగా పెట్టాల్సిందే. పనిలో లోపల మందపాటి బనీను, పైన పొడుగు చేతుల చొక్కా, ఏప్రన్. ఉన్ని గ్లౌజులు హ్యాండిల్ పట్టుకోడానికే, మందు ముట్టేది రబ్బరువాటితోనే. ఉన్ని మందుని పీల్చేసుకుని చర్మానికి అంటిపెడుతుంది మరి. పని బట్టలకి బకెట్టు వేరు, పిల్లల బట్టలతో కలిపేది లేదు. అన్నిటికన్నా పనికొచ్చింది రెండో ఫ్లాస్కు. ఒకదాంట్లో టీ, రెండోదాంట్లో వేడినీళ్లు. చన్నీళ్లలో కలుపుకుంటే గోరువెచ్చగా ఉంటాయి, చేతులు కడుక్కోడానికి బద్ధకించరు. క్యారియరు మందు సంచీలో పెట్టనివ్వను.

బండి సంగతి కూడా చెప్పాలి. జలుబు బిళ్లల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది, పొద్దున్నే డ్రైవింగ్ ఉంటే నేనివ్వను. విజయవాడ రోడ్డు మీద పొగమంచు పడితే పెద్ద లైటు వెయ్యకూడదట, వెలుగు తిరిగి మన కళ్లలోనే కొట్టి తెల్లగోడ నిలబెట్టినట్టు అవుతుంది. చిన్న లైటే వేసి, హెల్మెట్ అద్దం కొంచెం ఎత్తి నిదానంగా పోవాలి. అసలు కనబడకపోతే పెట్రోలు బంకులోకి దిగిపోవాలి. ఆగిన లారీ వెనక మాత్రం బండి ఆపొద్దు. మందు డబ్బా మూత బిగించి నిటారుగా కట్టాలి, సడెన్ బ్రేకుకి ఒలక్కుండా.

ఇక మందు కొట్టించుకునే ఇల్లాళ్లకి ఒక మాట. చలి అని కిటికీలన్నీ బిడాయించి ఆయన్ని లోపల పని చెయ్యమనకండి. పనయ్యాక కడుక్కోడానికి కాసిని వేణ్ణీళ్లివ్వండి. పోయిన మంగళవారం ఎవరో పెద్దావిడ అడక్కుండానే గీజరు వేసి బకెట్టు నింపిపెట్టారట. మా వారు ఇంటికొచ్చి ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పారు.