నల్ల ఈక జాతి స్వచ్ఛతకు సాక్ష్యం కాదు

కడక్నాథ్ కోళ్లను ఎంచుకొనేటప్పుడు సాధారణంగా మొదట చూసేది ఈకల నలుపునే. ఈక ఎంత నల్లగా ఉంటే జాతి అంత స్వచ్ఛమైనదనే నమ్మకం పెంపకందారులలోను, వినియోగదారులలోను నాటుకొని ఉన్నది. జన్యుశాస్త్రం ఈ నమ్మకాన్ని సమర్థించదు. ఈకల నలుపు, మాంసపు నలుపు వేర్వేరు జన్యువుల అధీనంలో ఉండే రెండు లక్షణాలు. ఈ భేదాన్ని విస్మరించి సాగే ఎంపిక వలన రైతుకూ, జాతికీ నష్టమే.

ఈకకు రంగునిచ్చే మెలనిన్ రెండు రకాలు. యూమెలనిన్ నలుపు, గోధుమ వర్ణాలను, ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు ఛాయలను ఇస్తుంది. ఈక కుదురులోని వర్ణకణాలు వీటిలో దేనిని తయారుచేయవలెనో నిర్ణయించడంలో 11వ క్రోమోజోముపై గల ఎంసీ1ఆర్ జన్యువుది కీలక పాత్ర. ఈ జన్యువు రూపొందించే గ్రాహకం హార్మోను సంకేతం అందినప్పుడు ఉత్తేజితమై యూమెలనిన్ తయారీని ప్రేరేపిస్తుంది. ఆ గ్రాహకంలో 92వ స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు లైసీన్ చేరితే, సంకేతం లేకున్నా అది పనిచేస్తూనే ఉంటుంది, ఈకలు నల్లబడతాయి. మాంసం మాత్రం నల్లబడదు. కోస్తా జిల్లాల పందెపు పరిభాషలో ‘కాకి’ అనిపించుకొనే నల్ల పుంజు మాంసం మామూలు రంగులోనే ఉండడం అందరూ ఎరిగినదే.

మాంసపు నలుపుకు మూలం 20వ క్రోమోజోముపై ఉన్నది. అక్కడ డీఎన్ఏ ఖండాలు రెట్టింపై, వాటి అమరిక మారినందున ఈడీఎన్3 జన్యువు ప్రతులు పెరిగి ఎండోథీలిన్-3 అధికంగా తయారవుతుంది. ఫలితంగా పిండదశలో వర్ణకణాల పూర్వకణాలు విస్తారంగా వృద్ధి చెంది కండరాల పొరలకు, ఎముకల పైపొరకు, అంతరావయవాలకు చేరుకుంటాయి. సిల్కీ తదితర జాతులలో 2011లో వెల్లడైన ఈ మార్పే కడక్నాథ్‌లోనూ ఉన్నట్లు తరువాతి పరిశోధనలు తెలిపాయి. తెల్లని ఈకల కింద నల్లని చర్మం గల సిల్కీ కోడి ఈ రెండు లక్షణాల స్వతంత్రతకు ప్రత్యక్ష నిదర్శనం.

చర్మపు నలుపు సైతం స్వచ్ఛతకు పూర్తి హామీ కాదు. ఇది బహిర్గత లక్షణం; జన్యుమార్పు ఒక్క ప్రతి ఉన్నా వ్యక్తమవుతుంది. దానిని అణచివేసే మరొక జన్యువు లింగ నిర్ధారక జెడ్ క్రోమోజోముపై ఉన్నది. సిల్కీ పుంజును బ్రౌన్ లెగ్‌హార్న్ పెట్టతో సంకరపరచినప్పుడు పెట్టపిల్లలు ముదురు నలుపుతోను, పుంజుపిల్లలు స్వల్ప వర్ణంతోను పుట్టినట్లు బేట్సన్, పన్నెట్ 1911లోనే ప్రకటించారు. అనగా సగం పరాయి వారసత్వం గల పెట్ట కూడా చూపులకు శుద్ధ జాతిగానే తోచవచ్చును. ఇటువంటి ఒంటి ప్రతి కోళ్లనే తల్లిదండ్రులుగా వాడితే, సంతతిలో సగటున నాలుగింట ఒక వంతు ఆ జన్యుమార్పు లేకుండానే పుడుతుంది. నల్లకోడి ధర పెట్టి పిల్లలను కొన్న రైతుకు ఈ సంగతి తెలిసేసరికి దాణా ఖర్చు అయిపోయి ఉంటుంది.

రెండవ నష్టం మరింత లోతైనది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతంలో భిల్లు, భిలాల గిరిజనులు పెంచుతూ వచ్చిన ఈ జాతిలో పూర్తి నలుపు, చారల, బంగారు ఛాయ అనే మూడు రకాలు కలవు. ఈక నలుపే కొలమానమైతే, మాంసపు నలుపులో ఏమాత్రం తీసిపోని చారల, బంగారు ఛాయ కోళ్లు సంతానోత్పత్తి నుండి తొలగిపోతాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన జాతి, ఆ గుర్తింపు తెచ్చిన గిరాకీ వలననే తన వైవిధ్యాన్ని కోల్పోవడం విచారకరం.

ప్రతి కోడికీ జన్యుపరీక్ష సాధ్యం కాదన్న అభ్యంతరం సహేతుకమే. మాంసానికి పెంచే కోళ్లకు ఆ అవసరమూ లేదు. పరీక్షించవలసినది పిల్లలను సరఫరా చేసే కేంద్రాలలోని తల్లిదండ్రుల మందలను మాత్రమే. డీఎన్ఏ ఖండాలు కొత్తగా అతుక్కున్న చోటును పీసీఆర్ ద్వారా గుర్తించవచ్చును. ప్రతులు ఒకటో రెండో పరిమాణాత్మక పీసీఆర్ తేల్చగలదు. అయితే ఈ పరీక్ష మాంసపు నలుపును మాత్రమే నిర్ధారిస్తుంది. జాతి స్వచ్ఛతకు క్రోమోజోములన్నింటిపై విస్తరించిన జన్యుచిహ్నాలను పరిశీలించవలెను. ఒక్క జన్యువు ఫలితాన్ని స్వచ్ఛతా పత్రంగా చూపడం, ఈక రంగును చూపడం వంటి పొరపాటే అవుతుంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోనూ కడక్నాథ్ పెంపకం సాగుతున్నందున, ఇక్కడి పశువైద్య విశ్వవిద్యాలయాలు, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఈ సేవను పిల్లల ఉత్పత్తిదారులకు అందుబాటులోకి తేవడం సముచితం. మందలో మూడు రకాలకూ చోటు కల్పించడం, పుంజుల వంశావళిని నమోదు చేయడం, అమ్మే పిల్లలతో పాటు తల్లిదండ్రుల పరీక్షా ఫలితాన్ని ఇవ్వడం ఉత్పత్తిదారుల బాధ్యత కావలెను. రైతు అడగవలసినది కూడా ఈకల రంగును కాదు, ఆ ఫలితాన్నే.