జెర్సీ ఎంపిక వెనుక లెక్కలు: ఒక బాస్కెట్‌బాల్ కుర్రాడి నిర్ణయం, అమెరికా కళాశాల క్రీడల కొత్త ముఖం

2024 డిసెంబరు 10న 17 ఏళ్ల ఏజే డిబాంట్సా తాను ఏ కళాశాల తరఫున బాస్కెట్‌బాల్ ఆడబోతున్నాడో ఈఎస్‌పీఎన్ ఛానెల్ ప్రత్యక్ష ప్రసారంలో ప్రకటించాడు. పాఠశాల స్థాయిలో అమెరికాలోనే అగ్రశ్రేణి ఆటగాడిగా పేరు తెచ్చుకున్న ఈ యువకుడి కోసం చివరి వరకు నాలుగు విశ్వవిద్యాలయాలు పోటీపడ్డాయి. వాటిలో నార్త్ కరోలినా ఆరుసార్లు జాతీయ విజేత, మైకేల్ జోర్డాన్ ఆడిన జట్టు. కాన్సస్ నాలుగుసార్లు విజేత. అలబామా 2024లో తొలిసారి ఫైనల్ ఫోర్‌కు చేరి ఊపు మీద ఉంది. నాలుగోది యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం. ఆ జట్టు అప్పటికి ఒక్కసారి కూడా ఫైనల్ ఫోర్‌కు చేరలేదు. డిబాంట్సా ఎంచుకున్నది ఆ నాలుగోదాన్నే.

వార్తగా చూస్తే ఇది ఒక క్రీడాకారుడి వ్యక్తిగత నిర్ణయం. అయితే కళాశాల క్రీడల్లో డబ్బు, చదువు, న్యాయం అనే మూడింటి మధ్య కొన్ని దశాబ్దాలుగా నలుగుతున్న వివాదం ఎక్కడికి చేరిందో ఈ ఎంపిక స్పష్టంగా చూపుతోంది. ఏటా వేలాది భారతీయ విద్యార్థులు చేరే విశ్వవిద్యాలయాల వ్యవస్థ కూడా ఇదే కనుక, ఈ మార్పు మన పాఠకులకు పూర్తిగా పరాయిది కాదు.

కళాశాల ఎందుకు తప్పనిసరి?

కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ జేమ్స్ 2003లో పాఠశాల చదువు ముగియగానే నేరుగా ఎన్‌బీఏలోకి వెళ్లారు. 2005లో లీగ్ యాజమాన్యానికీ, క్రీడాకారుల సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందం ఆ దారిని మూసివేసింది. 2006 నుంచి అమెరికా ఆటగాడు డ్రాఫ్ట్‌లో నిలవాలంటే ఆ ఏడాదికి 19 ఏళ్లు నిండాలి, పాఠశాల ముగించి కనీసం ఒక ఏడాది గడవాలి. ఆ ఒక్క ఏడాదిని ఎక్కడ గడపాలన్నదే అత్యుత్తమ ప్రతిభావంతుల ముందున్న ప్రశ్న.

ఆ విరామాన్ని భర్తీ చేయడానికి చాలామంది కళాశాలనే ఎంచుకుంటారు. మెయిన్ రాష్ట్రానికి చెందిన కూపర్ ఫ్లాగ్ 2023 అక్టోబరులో కనెక్టికట్‌ను కాదని డ్యూక్‌ను ఎంచుకున్నాడు. అప్పటికి కనెక్టికట్ తాజా జాతీయ విజేత. మరుసటి ఏడాది కూడా ఆ టైటిల్‌ను నిలబెట్టుకుంది. ఫ్లాగ్ ఒక్క సీజన్ మాత్రమే డ్యూక్‌కు ఆడాడు, జట్టును 2025 ఫైనల్ ఫోర్‌కు చేర్చాడు, ఆ వెంటనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో డల్లాస్ జట్టుకు ఎంపికయ్యాడు. పట్టా నాలుగేళ్లది, బస ఒక్క ఏడాదిది. ఇటువంటి ఆటగాడి విషయంలో విశ్వవిద్యాలయం విద్యాలయమా, విడిదా అన్న విమర్శ అందుకే వినిపిస్తూ ఉంటుంది.

నిన్నటి నేరం, నేటి ఒప్పందం

ప్రతిభ గల కుర్రాళ్ల కోసం కళాశాలల మధ్య పోటీ కొత్తది కాదు. ఆ పోటీలో డబ్బు పాత్రా కొత్తది కాదు. కొత్తదనమంతా ఆ డబ్బు బహిరంగం కావడంలో ఉంది.

2017 సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక కేసును బయటపెట్టింది. బ్రయన్ బోవెన్ అనే యువ ఆటగాడు లూయివిల్ విశ్వవిద్యాలయంలో చేరేలా చూడటానికి అతడి కుటుంబానికి లక్ష డాలర్లు చెల్లించే ఏర్పాటు జరిగిందని అభియోగం. అడిడాస్ సంస్థకు చెందిన ఒక ఉన్నతోద్యోగితో సహా ముగ్గురిని 2018లో న్యాయస్థానం దోషులుగా తేల్చింది. శిక్షణ మేటిగా పేరున్న రిక్ పిటినో తన పదవిని కోల్పోయారు. తనకు ఆ ఒప్పందం సంగతే తెలియదని బోవెన్ చెబుతూ వచ్చాడు. అయినా అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేక, ఆస్ట్రేలియా లీగ్‌కు వెళ్లిపోయాడు.

ఆ కేసులో ప్రాసిక్యూషన్ వాదన గమనించదగినది. డబ్బు అందుకున్న ఆటగాడు నిబంధనల ప్రకారం అనర్హుడు కనుక, అతడికి ఉపకార వేతనం ఇచ్చిన విశ్వవిద్యాలయమే మోసపోయిందన్నది దాని సారాంశం. మరోవైపు ఇదే ఆటను ప్రసారం చేసే హక్కుల కోసం సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. 2016లో మరో 880 కోట్ల డాలర్లతో దాన్ని 2032 వరకు పొడిగించాయి. శిక్షకులకు కోట్లు, నిర్వాహకులకు కోట్లు, ఆడేవారికి మాత్రం ఫీజు, వసతి, భోజనం. ఈ వ్యత్యాసాన్నే ‘అమెచ్యూర్’ సూత్రం అనే గౌరవప్రదమైన పేరుతో జాతీయ కళాశాల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ కాపాడుకుంటూ వచ్చింది.

న్యాయస్థానాలు ఆ కోటను ఒక్కో రాయిగా కూల్చాయి. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. విద్యాసంబంధ ప్రయోజనాలపై పరిమితులు గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తేల్చింది. అదే ఏడాది జూలై 1 నుంచి క్రీడాకారులు తమ పేరు, రూపం, గుర్తింపుల ద్వారా సంపాదించుకునేందుకు వీలు కలిగింది. 2025 జూన్ 6న హౌస్ కేసు పరిష్కారానికి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపారు. దాని ప్రకారం గతంలో ఆడినవారికి సుమారు 280 కోట్ల డాలర్లు పరిహారంగా అందాలి. ఆ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలు తొలి ఏడాదిలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా తమ క్రీడాకారులకు పంచవచ్చు. బోవెన్ కుటుంబం విషయంలో ఎనిమిదేళ్ల కిందట ఫెడరల్ నేరంగా నిలిచిన చెల్లింపునకు మించిన మొత్తాలు నేడు న్యాయవాదుల సమక్షంలో సంతకాలవుతున్నాయి.

బ్రిగమ్ యంగ్ ఎందుకు?

డిబాంట్సా నిర్ణయం వెనుక డబ్బు ఉందని, ఆ మొత్తం 50 లక్షల నుంచి 70 లక్షల డాలర్ల దాకా ఉండవచ్చని అప్పట్లో పత్రికలు రాశాయి. విశ్వవిద్యాలయం ఒప్పంద వివరాలను ప్రకటించలేదు. అయితే డబ్బు ఒక్కటే కారణమనుకుంటే మిగిలిన మూడు సంస్థల ఆర్థిక స్తోమతను తక్కువ అంచనా వేసినట్లే. ఎన్‌బీఏకు చేరడమే తన లక్ష్యమని, అందుకు తగిన చోటు ఇదేనని ఆ యువకుడు చెప్పిన మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ మాటకు ఆధారం ఉంది. 2024 ఏప్రిల్‌లో బ్రిగమ్ యంగ్ జట్టు పగ్గాలు చేపట్టిన కెవిన్ యంగ్ అంతకుముందు ఎన్‌బీఏలో ఫీనిక్స్ సన్స్ సహాయ శిక్షకుడు. డిబాంట్సా అభిమానించే కెవిన్ డ్యురాంట్‌తో పనిచేసినవాడు. కళాశాల ప్రాంగణంలోనే ఎన్‌బీఏ తరహా శిక్షణ, ఆహారం, విశ్లేషణ అందిస్తామన్నది ఆయన హామీ. ఆ హామీ ఉత్తదే కాదని తొలి ఏడాదే కొంత రుజువైంది. రష్యా యువకుడు ఎగోర్ డ్యోమిన్ ఒక్క సీజన్ అక్కడ ఆడి 2025 డ్రాఫ్ట్‌లో 8వ స్థానంలో ఎంపికయ్యాడు. జట్టు జాతీయ పోటీల్లో చివరి 16కు చేరింది. అక్కడ దాన్ని 113–88 తేడాతో ఓడించింది అలబామాయే కావడం యాదృచ్ఛికం.

ఈ ఎంపికలో మరో విశేషం కూడా ఉంది. బ్రిగమ్ యంగ్ ఒక క్రైస్తవ సంప్రదాయ సంస్థ నడిపే విశ్వవిద్యాలయం. మద్యం, పొగాకు మాత్రమే కాదు, కాఫీ కూడా అక్కడి ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. ఆదివారాలు ఆ జట్టు ఆడదు. కాంగో మూలాలున్న తండ్రికీ, జమైకా మూలాలున్న తల్లికీ పుట్టి, మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో పెరిగిన, ఆ సంప్రదాయానికి బయటివాడైన కుర్రాడు ఆ నియమాలను అంగీకరించి వెళ్లాడు. సంప్రదాయ ప్రతిష్ఠ, నిండిన స్టేడియం, గోడ మీద వేలాడే విజేతల పతాకాలు ఒకనాడు ఎంపికను శాసించేవి. ఇప్పుడు ‘నన్ను తదుపరి మెట్టుకు ఎవరు సిద్ధం చేస్తారు’ అన్న ప్రశ్న వాటిని పక్కకు నెట్టింది.

శిఖరం మీద వెలుగు, లోయలో నీడ

అగ్రస్థానంలో ఉన్న పదిమందికి ఈ మార్పు మేలు చేసిందనడంలో సందేహం లేదు. తన శ్రమకు విలువ కట్టే హక్కు ఆటగాడికి దక్కింది. కానీ మొదటి శ్రేణిలో 360కి పైగా విశ్వవిద్యాలయాల జట్లున్నాయి. ఒక్కో బాస్కెట్‌బాల్ జట్టుకు కొత్త ఒప్పందం 15 మంది పరిమితి విధించింది. వీరిలో చివరికి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు ఎంపికయ్యేది నూటికి ఒకరు, కాస్త అటూ ఇటూగా. మిగిలిన 99 మందికి కళాశాల అంటే ఇప్పటికీ చదువు, పట్టా, ఆ తరువాతి ఉద్యోగం.

వారి విషయంలో రెండు పరిణామాలు ఆందోళన కలిగిస్తున్నాయి. మొదటిది బదిలీల వెల్లువ. ఒకప్పుడు కళాశాల మారితే ఒక ఏడాది ఆటకు దూరంగా కూర్చోవలసి వచ్చేది. 2021లో ఒకసారి స్వేచ్ఛగా మారే అవకాశం ఇచ్చారు. 2024 ఏప్రిల్ నుంచి చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. శిక్షకులు ఇష్టం వచ్చినప్పుడు వెళ్లిపోతుంటే ఆటగాళ్లను మాత్రమే కట్టిపడేయడం అన్యాయమన్న వాదన సమంజసమే. కెవిన్ యంగ్‌కు చోటు దొరికింది కూడా అంతకుముందున్న మార్క్ పోప్ కెంటకీకి తరలిపోవడం వల్లనే. అయితే ఏటా కళాశాల మారే విద్యార్థి చదివిన సబ్జెక్టులు అన్నిచోట్లా చెల్లుబాటు కావు. అనుభవజ్ఞులైన ఆటగాళ్లు బదిలీల్లో దొరుకుతుంటే, పాఠశాల నుంచి వచ్చే సాధారణ ప్రతిభావంతుడి కోసం శిక్షకులు మునుపటిలా ఎదురుచూడటం లేదు.

రెండోది రక్షణ లేని సంతకాలు. ఎన్‌బీఏ ఆటగాళ్ల ఏజెంట్లకు క్రీడాకారుల సంఘం అనుమతి తప్పనిసరి. వారి రుసుముపై పరిమితి ఉంటుంది. కళాశాల స్థాయిలో ఆటగాళ్లకు అటువంటి సంఘం లేదు. ఫుట్‌బాల్ ఆటగాడు జేడెన్ రషాడా ఉదంతం ఇందుకు హెచ్చరిక. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి ఆడితే 1 కోటి 38 లక్షల డాలర్లకు పైగా ఇస్తామన్న హామీ నిలబడలేదని ఆరోపిస్తూ 2024లో అతడు అక్కడి శిక్షకుడు, మరికొందరిపై దావా వేశాడు. మాట ఇచ్చిన నాటికి అతడింకా పాఠశాల విద్యార్థే. 17 ఏళ్ల వయసులో లక్షల డాలర్ల ఒప్పందాన్ని చదివి, అందులో దాగిన షరతులను పట్టుకోగల కుటుంబాలు ఎన్ని?

భారతీయులకు ఏమిటి సంబంధం?

పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్ 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా నిలిచి, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో చోటు దక్కించుకున్న తొలి భారతీయుడయ్యాడు. ఫ్లోరిడాలోని క్రీడా పాఠశాలలో శిక్షణ పొందినా, విద్యార్హత నిబంధనల కారణంగా కళాశాల బాస్కెట్‌బాల్ దారి అతడికి తెరుచుకోలేదు. ఆటతో పాటు చదువునూ కొలిచే ఆ గడప భారతీయ క్రీడాకారులకు ఎంత ఎత్తో ఈ ఉదాహరణ చెబుతుంది.

గడప దాటినవారికి వీసా నిబంధన ఎదురవుతుంది. అమెరికాలో చదువుతున్న పిల్లలున్న తెలుగు కుటుంబాలకు ఎఫ్-1 వీసా షరతులు కంఠస్థమే: చదువు సాగే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు, ప్రాంగణం వెలుపల అనుమతి లేనిదే ఉద్యోగం కూడదు. విదేశీ క్రీడాకారులకూ అదే వర్తిస్తుంది. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కార్ షీబ్వే 2022లో జట్టు బహామాస్ పర్యటనకు వెళ్లినప్పుడు, అంటే అమెరికా నేల బయట ఉన్నప్పుడు, ప్రకటనల పనులు పూర్తి చేసుకోవలసి వచ్చింది. సహచరులు బహిరంగంగా సంపాదిస్తున్న చోట విదేశీ విద్యార్థి మాత్రం న్యాయవాదిని సంప్రదించి అడుగు వేయాలి.

ఈ పోటీ స్వభావం తెలుగు రాష్ట్రాలకు కొత్తదీ కాదు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇంటికి కార్పొరేట్ కళాశాలల ప్రతినిధులు రావడం, ఫీజు మినహాయింపు ఆశ చూపడం, ఫలితాల రోజున ఆ విద్యార్థి ఫొటోతో పత్రికల నిండా ప్రకటనలు ఇవ్వడం ఏటా చూస్తున్నదే. ర్యాంకు వచ్చినవాడి ఫొటో వల్ల వచ్చే ఆదాయం కళాశాలది. అదే తరగతిలో వెనుక వరుసలో కూర్చున్నవాడి ఫీజు తండ్రిది. వెనుక వరుస విద్యార్థికి దక్కేదేమిటన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

ముందున్న దారి

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 జూలైలో కళాశాల క్రీడలపై ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. ఎన్‌సీఏఏ తనకు చట్టపరమైన రక్షణ కల్పించాలని అమెరికా కాంగ్రెస్‌ను కోరుతోంది. ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించి, సంఘం ద్వారా బేరమాడే హక్కు ఇవ్వాలన్న వాదన మరోవైపు బలపడుతోంది. ఈ రెండింటిలో ఏది నెగ్గినా, పాత అమెచ్యూర్ వ్యవస్థకు తిరిగి వెళ్లడం దాదాపు అసాధ్యం. వెళ్లవలసిన అవసరమూ లేదు. శ్రమించేవారికి వాటా నిరాకరించిన ఆ వ్యవస్థలో చీకటి చెల్లింపులు పెరిగాయే తప్ప, చదువుకు అదనంగా ఒరిగిందేమీ లేదు.

తక్షణం కావలసినవి మూడు: మైనర్ల ఒప్పందాలకు స్వతంత్ర న్యాయసలహా, ఏజెంట్లకు దేశవ్యాప్త ధ్రువీకరణ, ఆట ముగిసిన తరువాత కూడా పట్టా పూర్తిచేసే హామీ. డిబాంట్సా వంటివారికి ఇవి లేకపోయినా నడుస్తుంది. వారి చుట్టూ సలహాదారులు ఉంటారు, నాలుగు తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి. ఒక్క తలుపు మాత్రమే తెరుచుకున్న కుర్రాడు, దాని మీద రాసిన షరతులు అర్థం కాకుండానే లోపలికి అడుగుపెడుతున్నాడు. కళాశాల క్రీడల సంస్కరణ ఫలించిందో లేదో తేల్చవలసింది అతడి అనుభవమే.